లంచ్‌రూమ్‌లో నానమ్మ

శనివారాలు మా ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళకు లెక్కలు చెబుతాను. ఊరంటే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్. వారమంతా ఒక కార్ల కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్‌తో తన్నుకులాడి, సెలవు రోజు పొద్దున్నే ఇదేం సరదా అని మా ఆయన అడుగుతూనే ఉంటాడు. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోయాక కేకలేయడానికి ఇంట్లో మనుషులు కరువయ్యారని చెబుతాను. అది పూర్తిగా అబద్ధమేం కాదు. నాకు కోపం తొందరగా వస్తుంది. భిన్నాలతో కుస్తీ పడే మనిషి ఎదురుగా కూర్చుంటే మాత్రం ఎందుకో చల్లబడతాను.

హైస్కూలు మధ్యలో మానేసినవాళ్ళు ఇక్కడ దానికి సమానమైన పరీక్ష ఒకటి రాయవచ్చు. నాలుగు పేపర్లు. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా లెక్కల పేపరుకు జడిసినవాళ్ళే. ట్రక్కు డ్రైవర్లు, ముసలివాళ్ళను చూసుకునే ఆయాలు, ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కూడికలు చేసే తల్లులు. ఒక మార్చి నెలలో, పార్కింగ్ లాట్ మూలల్లో మురికి మంచు ఇంకా కరగకుండా ఉన్నప్పుడు, ఆమె వచ్చింది. నేల జీరాడే లంగా, తలకు రుమాలు, చెవులకు బంగారు కాసులు. పక్కన పదకొండేళ్ళ పిల్ల. కూతురనుకున్నాను. కాదట, కొడుకు కూతురట. నానమ్మే అయినా ఆమె నాకంటే వయసులో చిన్నది.

"మీ అమ్మాయికి ఎన్నేళ్ళు?" అంది, పుస్తకం తెరవకముందే.

"ఇరవై ఆరు. టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో జాబ్ చేస్తోంది."

"పెళ్ళయిందా?"

"ఇంకా లేదు."

ఆమె నా చేతి మీద చెయ్యి వేసి తట్టింది. మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ప్రతి ఆదివారం నా మీద కురిసే జాలి సరిగ్గా ఇదే. దాన్నుంచి ఒక్క పూటైనా తప్పించుకుందామని లైబ్రరీకి వస్తే ఇక్కడా దొరికిపోయాను.

మొదట్లో తమది గ్రీసు దేశమని చెప్పింది. నేను నమ్మాను. నమ్మకపోవడానికి గ్రీసువాళ్ళు ఎలా ఉంటారో నాకేం తెలుసు? నాది ఇండియా అని తెలిశాక, ఒకరోజు పుస్తకం మూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. వాళ్ళు రోమా. జనం వాళ్ళను పిలిచే పేరు వేరే ఉంది, అది వాళ్ళ చెవికి తిట్టే. వందల ఏళ్ళ కిందట ఇండియా నుంచే బయల్దేరి, ఐరోపా అంతా తరిమించుకుంటూ తిరిగి, ఆమె ముత్తాత కాలంలో ఓడెక్కి అమెరికా చేరినవాళ్ళు.

"రోమా అంటే ఇల్లు అద్దెకివ్వరు, టీచర్. గ్రీక్ అంటే ఇస్తారు. పిల్లని కూడా స్కూల్లో గ్రీక్ అనే చెప్పమన్నాం."

"అయితే మనం చుట్టాలమన్నమాట," అన్నాను.

"చూద్దాం," అంది ఆమె. నవ్వలేదు.

ఆమెకు ఆ పరీక్ష ఎందుకు కావాలో కూడా ఆ రోజే తెలిసింది. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లను పెద్దమనిషయ్యే ఈడుకు బడి మాన్పిస్తారు. బయటివాళ్ళ పిల్లల మధ్య, కాపలా లేకుండా, రోజంతా వదిలితే పరువు దక్కదని భయం. ఆమెనూ అలాగే మాన్పించారు. ఈ మనవరాలు ఐదో తరగతిలో ఉంది. ఆగస్టు చివర్లో ఆరు, అంటే మిడిల్ స్కూల్, వేరే బిల్డింగు, మగపిల్లలు, లాకర్లు. తాత వద్దన్నాడు. పిల్ల అన్నం మానేసింది. చివరికి ఆయన ఒక మెట్టు దిగాడు. మన మనిషి ఒకరు రోజంతా ఆ బిల్డింగులో ఉంటే పంపిస్తానన్నాడు. మన మనిషి అక్కడ ఎందుకుంటుంది, కుదరదులే అనుకునే అన్నాడని నా అనుమానం.

ఈవిడ మర్నాడే ఆ స్కూలుకు వెళ్ళి ఏం ఉద్యోగాలున్నాయో కనుక్కుంది. లంచ్‌రూమ్‌లో మనిషి కావాలి, కానీ హైస్కూల్ చదువు ఉండాలన్నారు. మిగతా మూడు పేపర్లూ అంతకుముందే ఎలాగో గట్టెక్కింది, ఎవరికీ చెప్పకుండా, కేవలం తన సరదా కొద్దీ. లెక్కలు మాత్రం రెండుసార్లు తన్నాయి. ఈసారి కూడా పోతే పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. ఆమె ఇదంతా చెబుతుంటే ఆ పిల్ల పక్క కుర్చీలో కూర్చుని తిమింగలాల పుస్తకం చదువుకుంటోంది. చదువుతున్నట్టు నటిస్తోంది, పేజీ తిప్పడం లేదు.

అంత భారం నెత్తిన పెట్టుకుని ఎవరైనా శ్రద్ధగా చదువుతారు కదా. ఈవిడ నాతో పోట్లాడేది. సున్నాకంటే తక్కువ అంకె ఎలా ఉంటుందని ఒక పూటంతా వాదించింది. మిషిగన్ చలి చూపించాను, థర్మామీటరు గీశాను. "అది చలి, టీచర్. అంకె కాదు," అంది. మరో వారం ఎక్స్ అంటే ఎంతో నాకు ముందే తెలిసి కూడా చెప్పకపోవడం మర్యాద కాదంది. నేను అరిచాను. ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. లైబ్రేరియన్ వచ్చి పెదాల మీద వేలు పెట్టింది. మేమిద్దరం తలలు వంచుకుని కూర్చున్నాం. ఆ వారం నుంచి ఆమె అంటే నాకు చచ్చేంత ఇష్టం ఏర్పడిపోయింది.

మే నెలలో లైబ్రరీలో పైపు పగిలి కొన్నాళ్ళు మూసేశారు. మా ఇంటికి రమ్మన్నాను. ఈ సంగతి తెలిసి చర్చిలో నా స్నేహితురాలొకావిడ నన్ను పక్కకు లాగింది.

"వాళ్ళని ఇంట్లోకి రానిస్తన్నావా వదినా? యూట్యూబ్‌లో చూళ్ళేదా నువ్వు? హ్యాండ్‌బ్యాగ్‌లూ, గోల్డూ అన్నీ లాకర్‌లో పెట్టుకో ముందు."

"మనూళ్ళల్లో కరణంగారింట్లో చెంబు కనబడకపోతే ముందు ఎవరి పేటకి వచ్చేవోళ్ళు వదినా?" అన్నాను.

ఆవిడ కాఫీ కప్పులోకి చూసుకుంది. మాది గుంటూరు వైపు పల్లెటూరు, ఊరి చివర పేట. ఆవిడదీ అంతే, కాకపోతే పక్క మండలం. మా తాతల కాలంలో ప్రభువును నమ్ముకున్నాం. మేం ప్రభువును నమ్మాం గానీ ఊరు మమ్మల్ని నమ్మలేదు.

ఆ శనివారం ఆమె భర్త వ్యానులో దింపాడు. కార్ల సొట్టలు తీసే పని ఆయనది. లోపలికి రమ్మంటే చెయ్యి ఊపి, డ్రైవ్‌వేలోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు. నేను మంచి అల్లం టీ పెట్టాను. అతిథి అని, పండగలకు తీసే కప్పుల్లో పోశాను. ఆమె నా కప్పును రెండు వేళ్ళతో పక్కకు జరిపి, సంచిలోంచి తెల్లగుడ్డలో చుట్టిన తన కప్పు తీసి, తన ఫ్లాస్కులోంచి తన టీ పోసుకుంది.

నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. మా ఊళ్ళో టీకొట్టు చూరులో మా పేట వాళ్ళకని వేరే గ్లాసులు దోపి ఉంచేవాళ్ళు. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. మా నాన్న లెక్చరర్ అయ్యాక కూడా, ఎంత దాహమేసినా ఆ కొట్టు ముందు ఆగలేదు. అన్ని సముద్రాలు దాటి వచ్చి, నా ఇంట్లో, నేను కంతులు కట్టి కొనుక్కున్న బల్ల మీద, మళ్ళీ వేరే కప్పా?

"నేను అంటరానిదాన్నా నీకు?" అని అరిచాను.

ఆమె బిత్తరపోయింది. చూరు, గ్లాసులు, మా నాన్న, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, అవి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. నేను ఆగాక ఆమె తన కప్పు బల్ల మీద పెట్టింది.

"మాకు వేరే గ్లాసు కూడా ఎవరూ పెట్టలేదు, టీచర్. షాపులోకే రానిచ్చేవాళ్ళు కాదు. మేము డర్టీ అంటారు వాళ్ళు. వాళ్ళు అండర్‌వేర్ కడిగిన సింకులోనే ప్లేట్లు కడుగుతారు, మరి డర్టీ ఎవరు అంటాం మేము. మా అత్త బయట కప్పులో తాగదు, నేనూ తాగను. తాగానని తెలిస్తే మావాళ్ళు రేపటి నుంచి మా ఇంట్లో కాఫీ తాగరు. పిల్లలకి సంబంధాలు కూడా రావు."

అర్థమైంది. అర్థమవడం వేరు, కోపం తగ్గడం వేరు. ఎంగిలి, మైల, వేరే గిన్నెలు, ఇవన్నీ ఇండియా నుంచి మూట కట్టుకుని అన్ని దేశాలూ మోసుకొచ్చారు కదా, దారిలో ఏ నదిలోనో పారేయకూడదా అనిపించింది. ఆ పూట శాతాలు చెప్పాను గానీ ఆమె ముఖం చూడలేదు.

మరుసటి వారం ఆమె రెండు కప్పులు తెచ్చింది. రెండోది నా ముందు పెట్టి, ఫ్లాస్కులోంచి టీ పోసింది. అందులో పీచ్ పండు ముక్క వేసి ఉంది.

"ఇది మా ఇంటి కప్పు. బయటివాళ్ళకి ఇవ్వం."

"నేను తాగాక దీన్ని విడిగా పెడతావా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "పెడతాను," అంది.

నాకు నవ్వు ఆగలేదు. అబద్ధం చెప్పి ఉంటే బహుశా క్షమించేదాన్ని కాదు. ఆమె కూడా నవ్వడం మొదలుపెట్టింది, బంగారు కాసులు ఊగేలా. మా ఆయన మేడ మీద నుంచి "ఏమైందే?" అని కేకేశాడు. లెక్కలు అన్నాను.

జూన్‌లో పరీక్ష రాసింది. రిజల్ట్ ఫోనులో వస్తుంది కదా, చూడటానికి భయపడి ఆ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. పాస్. ఆమె కుర్చీలోంచి లేచి మా వంటింట్లో గిరగిర తిరిగింది. పిల్ల తిమింగలాల పుస్తకం గాల్లోకి ఎగరేసింది. బయటికి వచ్చి వ్యాను అద్దం మీద కొట్టి చెబితే తాత "ఊఁ" అన్నాడు, అంతే. కాసేపయ్యాక చూస్తే, నేను చలికాలంలో మెయిల్‌బాక్సుకు గుద్దిన మా కారు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే సొట్ట తీస్తున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో ఆమె మా ఇంటికి వచ్చి, పని ఏమిటో చెప్పింది. వడ్డించడం ఒక్కటే కాదు. పిల్లలు తిన్నాక వదిలేసిన ట్రేలు తీయాలి, బల్లలు తుడవాలి, చెత్తడబ్బాల్లోంచి ఎంగిలి ఎత్తిపోయాలి. అన్నీ బయటివాళ్ళ పిల్లల ఎంగిళ్ళు. బయటి కప్పులో గుక్కెడు టీ తాగితేనే వెలివేసే మనుషులు ఈ పని చేసిన మనిషిని ఏం చేస్తారో నాకు చెప్పనక్కర్లేదు.

కానీ నేను లేచి నిలబడటానికి కారణం అది కాదు. మా అమ్మమ్మ ఊళ్ళో పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళలో ఎంగిలి విస్తళ్ళు ఎత్తేది. ఆ విస్తళ్ళలో మిగిలిన బూరెలే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. మా వంశంలో ఇంకెవరూ ఒకరి ఎంగిలి ఎత్తకూడదని మా అమ్మ మమ్మల్ని కొట్టి మరీ చదివించింది. ఆ చదువుతోనే ఇప్పుడు నేను ఇంకొక ఆడమనిషిని సరాసరి ఆ పనిలోకి తీసుకెళ్ళి దింపానా?

"వద్దు," అన్నాను. "ఈ పని చెయ్యొద్దు. ఆఫీసులో, లైబ్రరీలో, ఇంకేదైనా చూద్దాం. నేను మాట్లాడతాను వాళ్ళతో."

"వచ్చే ఏడాదికి దొరుకుతుందేమో. స్కూల్ ఈ నెల్లోనే ఓపెన్ అవుతుంది."

"నీకు తెలీదు. ఆ పని మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు. మా అమ్మమ్మ చేసింది."

ఆమె నన్ను కూర్చోబెట్టింది. నా ఇంట్లో, నా కుర్చీలో నన్నే.

"మీ అమ్మమ్మని ఎవరైనా అడిగారా, ఈ పని చేస్తావా అని?"

"లేదు. వీళ్ళు కాకపోతే ఇంకెవరు చేస్తారనేవాళ్ళు."

"నన్ను అడిగారు. నేను సరే అన్నాను. జీతం ఎంతో చెప్పారు, నచ్చకపోతే మానేయొచ్చన్నారు. అది వేరు, ఇది వేరు, టీచర్. రెండూ కలపకు."

నేనే ఇన్ని నెలలుగా ఆమెతో అంటున్న మాట అది, భిన్నాల దగ్గర. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ సగమే ఒప్పుకుంటాను.

తర్వాత వాళ్ళ పెద్దల పంచాయితీ జరిగింది. మేనమామలు, పెత్తండ్రులు ఒహాయో నుంచి కూడా వచ్చారట. ఆమెను తప్పు పట్టాలని పట్టుబట్టినవాళ్ళు పట్టుబట్టారు. అప్పుడు ఆ తాత, డ్రైవ్‌వేలో ఊఁ అనడం తప్ప నోరు విప్పగా నేను చూడని మనిషి, లేచి గ్లవ్స్ మాట ఎత్తాడట. లంచ్‌రూమ్‌లో చేతులకు తొడుగు లేనిదే దేన్నీ ముట్టనివ్వరు, తొడుగున్నప్పుడు తగిలినట్టా, తగలనట్టా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే వాదించుకున్నారు. ఒక జత చాలదని ఒకాయన, రెండు జతలు వేసుకుంటే ఫరవాలేదని ఇంకొకాయన. మడిబట్ట తడిదా పొడిదా అని కొట్టుకునేవాళ్ళ గురించి విన్నాను గానీ ఇంత ఘోరం వినలేదు. రెండు జతల దగ్గర రాజీ కుదిరింది. అయినా ఆమె తోడికోడలు మాత్రం ఇప్పటికీ ఈవిడ ఇంట్లో కాఫీ తాగదు. అది చిన్న సంగతి కాదు, దాన్ని చిన్నది చేసి నేను రాయను.

స్కూలు తెరిచాక శనివారాలు ఆమె చదువుకోసం రానక్కర్లేదు, అయినా వచ్చేది. టీ తాగి, మా అమ్మాయి పెళ్ళి సంగతి అడిగి వెళ్ళేది. మొన్న ఏప్రిల్‌లో ఆ స్కూల్లో పెద్దవాళ్ళను పిలిచి తమ ఉద్యోగాల గురించి పిల్లలకు చెప్పించే రోజు పెట్టారు. బ్రేకుల గురించి చెప్పడానికి నేనూ వెళ్ళాను. నా మాటలకు ముగ్గురు నిద్రపోయారు. మధ్యాహ్నం లంచ్‌రూమ్‌కి పంపారు.

ఆమె అక్కడ వడ్డిస్తోంది. పొడుగు లంగా మీద ఏప్రన్, జుట్టుకు వల, చేతులకు రెండు జతల గ్లవ్స్. పిల్లలందరూ ఆమెను గ్రాండ్‌మా అనే పిలుస్తున్నారు. నా ట్రేలో బఠాణీలు వేస్తూ, "మొదట్లో పిల్ల గంట మోగినప్పుడల్లా ఆ తలుపు దాకా వచ్చి నేనున్నానో లేదో చూసుకుని పోయేది, టీచర్," అంది. పిల్ల కిటికీ పక్క బల్ల దగ్గర ఇంకో నలుగురు ఆడపిల్లలతో కూర్చుని ఏదో గట్టిగా చెబుతోంది. చేతులు రెండూ బార చాపి చూపిస్తోంది, తిమింగలమే అయి ఉంటుంది.

తినడం అయ్యాక పిల్లలు ట్రేలు బల్ల మీదే వదిలి లేచారు. ఈ పిల్ల మాత్రం ఆగి, తన ట్రే మీద పక్కపిల్ల ట్రే, దాని మీద ఇంకొకటి పేర్చడం మొదలుపెట్టింది. ఆమె వడ్డన వదిలేసి, అంత పొడుగు లంగా కాళ్ళకు అడ్డం పడుతుంటే పరుగులాంటి నడకతో వెళ్ళి, మనవరాలి చేతుల్లోంచి ఆ ట్రేలన్నీ లాక్కుంది. తమ భాషలో ఏదో కసిరింది. పిల్ల ఏదో ఎదురు చెప్పింది. ఆమె ఇంకా గట్టిగా కసిరి, గడ్డంతో తలుపు వైపు చూపించింది.

"ఏమన్నావ్?" అని అడిగాను, ఇటు వచ్చాక.

"క్లాసుకి లేటవుతోంది పో అన్నాను."

"అది ఏమంది?"

"నేను హెల్ప్ చేస్తా నానమ్మా అంది. నీ హెల్ప్ నాకొద్దు, నీ సైన్స్ క్లాసుకి నువ్వు పో అన్నాను."

ఆమె కోపం ఇంకా తగ్గలేదు. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం. ఆ పిల్ల స్నేహితురాళ్ళను అందుకోవడానికి పరిగెత్తింది, బ్యాగు వీపు మీద ఎగురుతోంది. తలుపు దాటింది, మెట్లు ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. "చూశావా, టీచర్? చూడలేదు," అంది.